గలాలీలో మూరన్నర ఖాళీ

2019 ఫిబ్రవరి. బహ్రెయిన్‌లో చలి తగ్గి, ఎండ ఇంకా ముదరని రోజులు. ముహరక్ ద్వీపంలో గలాలీ అనే చోట, పాత ఇల్లు కూలగొట్టిన ఒక స్థలంలో మా రిగ్గు నిలబెట్టాం. రిగ్గు అంటే నేలకు రంధ్రం వేసే యంత్రం. నేను దాని మీద డ్రిల్లర్‌ని. మా జగిత్యాల వైపు ఎవరిని అడిగినా "గంగారాం దుబాయిల బోర్లేస్తడు" అంటారు. దుబాయి కాదు బహ్రెయిన్ అనీ, బోర్లు కావు సాయిల్ టెస్టులనీ చెప్పి చెప్పి విసుగొచ్చి మానేశాను.

మా పని చదివేవాళ్ళకు కొత్త కావచ్చు కాబట్టి రెండు ముక్కలు చెప్పాలి. ఇల్లు కట్టే ముందు దాని కింద ఏముందో చూడాలి. లోపల బోలుగా ఉండే బిట్‌తో రాయిని కోస్తే, అరటిబోదెలోంచి దూట తీసినట్టు గుండ్రటి రాతికడ్డీ పైకి వస్తుంది. దాన్ని కోర్ అంటాం. లోతు వరుసలో ఆ కోర్‌ని చెక్కడబ్బాలో పేర్చి, ఎన్ని మీటర్ల దగ్గర ఏం తగిలిందో లాగ్ షీట్ అనే కాగితంలో రాస్తాం. ఇంజనీర్లు పునాది లెక్క వేసుకునేది ఆ కాగితం చూసే.

ఇక ఈ దేశపు నేల. ఇక్కడ అన్నిటికన్నా ఎత్తయినది జబల్ దుఖాన్. పొగకొండ అని అర్థమట. మొదటిసారి చూసి నవ్వాను. మా వైపు దాన్ని గుట్ట అంటారు, అదీ మర్యాదకు. కానీ ఈ దీవి గుట్టు అంతా ఆ గుట్ట దగ్గరే ఉందని మా జియాలజిస్టు ముజీబ్ సార్ చెప్పేవారు. మూకుడు బోర్లించినట్టు సున్నపురాయి మధ్యలో ఉబ్బి, నలువైపులా వాలుతూ సముద్రం కిందికి పోయింది. సున్నపురాయికి ఒక గుణం ఉంది. వేల ఏళ్ళు నీళ్ళు పారితే లోపల్లోపల కరుగుతుంది. పైన చూస్తే బండ, లోపల గది. దాన్ని మేం కేవిటీ అంటాం. మా పనిలో వెతికి పట్టుకోవాల్సిన దొంగ అదే.

ముజీబ్ సార్‌ది కరీంనగర్. సైట్లో అందరితో ఇంగ్లీషు, హిందీ, నాతో మాత్రం తెలుగు. కోపం ఎక్కువ, అబద్ధమంటే మరీ ఎక్కువ.

గల్ఫ్‌కు రాకముందు నేను పదేళ్ళు బోరుబండి మీద పనిచేశాను. అక్కడ రాడ్డు దిగుతూ దిగుతూ ఒక్కసారిగా చేతిలో బరువు పోయి జారితే దాన్ని గ్యాప్ అంటాం. గ్యాప్ అంటే నీళ్ళు. గ్యాప్ తగిలిన రోజు రైతు కొబ్బరికాయ కొడతాడు, ఇంటి ఆడవాళ్ళు కేసింగ్ పైపుకు పసుపు రాస్తారు. ఒక రైతయితే గ్రీజు చేతులతో ఉన్న నన్ను వాటేసుకుని ఏడ్చాడు. పదేళ్ళు ఆ జారుడుకు సంతోషించిన చేయి, దేశం మారగానే మారుతుందా?

గలాలీ స్థలం యజమాని డెబ్భై దాటిన పెద్దమనిషి. అందరూ హజ్జీ అంటారు. భర్త పోయిన కూతురికీ ఆమె ముగ్గురు పిల్లలకూ ఆ స్థలంలో ఇల్లు కట్టిస్తున్నాడు. అంతదాకా వాళ్ళంతా అద్దెకున్న రెండు గదుల్లో సర్దుకుంటున్నారు. రోజూ పొద్దున ఫ్లాస్కులో గహ్వా, ఖర్జూరాలు పట్టుకుని వచ్చేవాడు. అది పసరు వాసన వేసే కాఫీ, నాకు నచ్చదు, అయినా ఆయన పోసే తీరుకు మూడు కప్పులు తాగేవాణ్ణి. ఆయన కుటుంబం సముద్రం మీద బతికింది. హిందీ బాగా వచ్చు. నన్ను మాత్రం అరబ్బీలో సదీక్ అనేవాడు, అంటే స్నేహితుడని.

"సదీక్, మా నాన్న రోజుల్లో ఇక్కడ సముద్రం అడుగునుంచి తియ్యటి నీళ్ళు ఉబికేవి," అన్నాడు ఒకరోజు. "తోలుసంచి పట్టుకుని మునిగి, ఊట నోటికి ఆనించి నింపుకొచ్చేవాళ్ళు. పైన ఉప్పు, కింద తీపి. ఈ స్థలంలో కూడా ఒక ఊట ఉండేదట. తర్వాత అన్నీ ఎండిపోయాయి."

కథ బాగుందనుకుని విన్నాను. ఊట ఎండినా అది వచ్చిన దారి ఎండదని నాకు తట్టలేదు.

ఆ మధ్యాహ్నమే మూడో రంధ్రంలో, ఆరు మీటర్లు దాటాక, నా చేతిలో బరువు పోయింది. రాడ్డు మూరన్నర మేర సర్రున జారింది. బిట్ వేడెక్కకుండా లోపలికి పంపే నీళ్ళు పైకి రావడం ఆగిపోయింది. నేనేం చేశానంటారా? పాత అలవాటున "గ్యాప్ తగిలింది!" అని కేక పెట్టాను.

హజ్జీ లేచి వచ్చాడు. "నీళ్ళు పైకి రావడం లేదేం?"

"అదృష్టం హజ్జీ! మా దేశంలో అయితే ఇప్పుడు మీకు దండ వేసేవాళ్ళం."

ఆయన పకపకా నవ్వాడు. నేనూ నవ్వాను. నవ్వు అయిపోయాక అసలు సంగతి గుర్తొచ్చింది. ఇక్కడ రాయి దొరకని చోటును కోర్ లాస్ అంటారు. అందులో సగం నిందలు డ్రిల్లర్ మీదికే వస్తాయి. తొందరపడ్డాడు, రాయిని పిండి చేసి నీళ్ళలో కలిపేశాడు అంటారు. ఆరేళ్ళు హెల్పర్‌గా చాకిరీ చేసి అప్పటికి నాలుగు నెలల కిందే డ్రిల్లర్‌నయ్యాను. నా డబ్బాలో అంతవరకు ఖాళీ లేదు. సాయంత్రం సార్ వచ్చేలోగా రాతిముక్కల్ని అటూ ఇటూ జరిపి, వరుస నింపేశాను. లాగ్ షీట్లో "పగుళ్ళున్న సున్నపురాయి" అని రాసి ఊరుకున్నాను. గ్యాప్ మంచిదేగా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను కూడా. మనసు ఎంత మంచి లాయరో ఆ రోజు తెలిసింది.

రెండు వారాల తర్వాత, ఒక గురువారం, కాగితాలివ్వడానికి మనామాలోని మా ఆఫీసుకు వెళ్ళాను. నాలుగో అంతస్తు. ముజీబ్ సార్ టేబుల్ ముందు నిలబడి ఉండగా కళ్ళు తిరిగినట్టయింది. పొద్దున తినకపోవడం వల్లేమో అనుకున్నాను. చూస్తే వాటర్ కూలర్ డబ్బాలో నీళ్ళు ఒక పక్కనుంచి ఇంకో పక్కకు ఊగుతున్నాయి. ఎవరో "జల్జలా!" అని అరిచారు, భూకంపమని. అందరం మెట్ల మీదుగా రోడ్డు మీదికి వచ్చిపడ్డాం.

"భయపడకు," అన్నారు సార్ కింద నిలబడి. "సముద్రం అవతల ఇరాన్ దిక్కు కదిలింది. మనమున్న నేల మొత్తం కొంచెం కొంచెం జరుక్కుంట పోయి ఆ దిక్కు ఒత్తుతది. ఆ ఒత్తుడుకే అక్కడ కొండలు లేసినయి, ఇంకా లేస్తనే ఉన్నయి. అప్పుడప్పుడు గిట్ల మనకు తెలుస్తది."

"ఇండ్లకు ఏమన్న అయితదా సార్?"

"గట్టి రాయి మీదున్న ఇంటికి గింత ఊపుతోని ఏం గాదు. కింద డొల్ల ఉంటెనే భయం. దానికి భూకంపం గూడ అక్కర్లేదు. ఇంటి బరువు పడంగ పడంగ ఎన్నడో ఒకనాడు కప్పు కూలుతది."

ఆ ఎండలో నాకు కనబడింది ఒక్కటే, నేను జరిపి నింపిన డబ్బా వరుస.

"సార్, గలాలీ రిపోర్టు పోయిందా?"

"సంతకం ఒక్కటే మిగిలింది. ఆదివారం పునాది పోస్తరట. ఎందుకు?"

చెప్తే ఉద్యోగం ఖలాస్, ఊరికి టికెట్. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. ఎవరికీ అంటే, హజ్జీకి, ఆయన కూతురికి, ఆ ముగ్గురు పిల్లలకు. ధైర్యం వచ్చి చెప్పానని గొప్పలు పోను. కాళ్ళ కింద ఇంకా ఏదో ఊగుతున్నట్టే ఉండి, ఆగలేక చెప్పేశాను.

"ఎంత?" అన్నారు సార్.

"మూరన్నర ఉంటది సార్."

"మూరలు నాకు జెప్పకు. సెంటీమీటర్లల్ల జెప్పు."

"డెబ్భై."

"కోర్ ఎందుకు జరిపినవ్?"

"రాయి పోతే డ్రిల్లర్ చేతగానోడంటరని."

"ఇప్పుడేమంటరు?"

ఆయన బండి తాళాలు తీశారు. "యల్లా, ఎక్కు. నాకు జెప్పుడు కాదు. పెద్దమనిషికి నువ్వే జెప్పు."

హజ్జీ స్థలంలోనే ఉన్నాడు, పునాది గుంతల పక్కన కుర్చీ వేసుకుని. చేతులు కట్టుకుని మొత్తం చెప్పాను, డబ్బా జరిపిన సంగతి కూడా. ఆయన కర్ర మీద గడ్డం ఆనించి విన్నాడు. మూడో రంధ్రం ఉన్న మూలకేసి చూశాడు.

"ఆ మూల పిల్లల గదులు," అన్నాడు. "అయితే మా నాన్న చెప్పిన ఊట అదే కావచ్చు. అల్‌హమ్దులిల్లా, కాంక్రీటు పోయకముందే చెప్పావు," అన్నాడు. తర్వాత నావైపు తిరిగి, "మరి ఆ రోజు దండ వేస్తానన్నావు?" అన్నాడు.

నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేశాను.

రెండు రోజుల్లో ఆ మూల చుట్టూ ఇంకో నాలుగు రంధ్రాలు వేశాం. డొల్ల పిల్లల గదుల కిందుగా పాకి ఉంది. పైన మిగిలిన బండ మేం అనుకున్నంత మందం కూడా లేదు. గ్రౌటింగ్ చేశారు, అంటే పల్చటి సిమెంటు పాలు పైపుల గుండా లోపలికి పంపి ఖాళీ నింపడం. ఎన్ని బండ్ల పాలు పోసినా అది తాగుతూనే ఉంది. తర్వాత విడివిడి పునాదులు మానేసి, ఇల్లంతటికీ చాప పరిచినట్టు ఒకే మందపాటి పలక వేశారు. పని నెలన్నర వెనకబడింది. హజ్జీ గహ్వా ఒక్కరోజు కూడా ఆగలేదు.

ముజీబ్ సార్ నన్ను ఊరికి పంపలేదు. పాత లాగ్ షీట్ కొట్టేసి, కొత్తది నా చేత్తోనే రాయించి, సంతకం పెట్టించారు. తర్వాత మూడు నెలలపాటు ప్రతి కోర్ ఆయన కళ్ళ ముందే పేర్చాలన్నారు. రిపోర్టులో మాత్రం "డ్రిల్లర్ కోరిక మేరకు అదనపు రంధ్రాలు వేశాం" అని రాశారు. ఆ వాక్యం ముందు నేను ఎంతసేపు నిలబడ్డానో ఆయనకు తెలియదు. ఎందుకలా రాశారని చాన్నాళ్ళకు అడిగితే, "కోరినవ్ గదా? ఉన్నదే రాసిన," అన్నారు. నా జీవితంలో ఆయన రుణం తీరేది కాదు.

కోర్ రాని చోట అంత పొడవు కట్టెముక్క కోసి డబ్బాలో పెట్టడం మా పనిలో పద్ధతి. స్పేసర్ అంటారు. ఆ మూడో రంధ్రం డబ్బాలో డెబ్భై సెంటీమీటర్ల కట్టె పెట్టి, ఎర్రరంగు వేసి, లోతు రాసి, కింద నా పేరు రాశాను. అప్పటినుంచి రాయి ఉన్న చోట ఉందని రాసినంత ధీమాగా, లేని చోట లేదని రాస్తున్నాను. చేతగానోడని ఇంతవరకు ఎవరూ అనలేదు. అన్నా పర్వాలేదు.

ఇల్లు పూర్తయ్యాక, గడువు తీరిన కోర్ డబ్బాలు పారేసే రోజు హజ్జీ మా యార్డుకు వచ్చాడు. "రాళ్ళు మీరే ఉంచుకోండి, ఆ కట్టె నాకివ్వండి," అని అడిగి పట్టుకెళ్ళాడు. ముత్యాల కోసం మునిగేటప్పుడు వాళ్ళ నాన్న ముక్కుకు పెట్టుకున్న చిన్న క్లిప్పు హాల్లో అద్దాల అలమారలో ఉంటుంది. దాని పక్కనే పెట్టాడు.

కిందటి ఈద్‌కు వెళ్ళాను. హాలు నిండా చుట్టాలు. ఎవరో ఆ ఎర్రకట్టె ఏమిటని అడిగారు. హజ్జీ నా భుజం మీద చేయి వేసి, నాకు కూడా అర్థం కావాలని హిందీలోనే చెప్పాడు:

"అది మా ఇంటి కింద లేని రాయి. ఉందని రాసినవాడు ఇతనే. లేదని వచ్చి చెప్పినవాడూ ఇతనే."