చలిగదిలో కదలని పిల్ల

మా వదినకు ఆరా తీయడం పుట్టుకతో వచ్చిన గుణం. కూరలో ఉప్పెక్కువైతే ఎవరు వేశారో, ఎప్పుడు వేశారో కూపీ లాగితేగాని ముద్ద మింగదు. పోలీసుల్లో చేరవలసిన మనిషి అంటాడు అన్నయ్య. ఆవిడ పిల్లల ఆసుపత్రిలో స్కాన్లు చూసే డాక్టరైంది. అదే విభాగంలో కౌంటరు నాది. ఇంట్లో ప్రశ్నలు చాలవన్నట్టు అక్కడా నాకే తగులుకుంది.

ఆ రోజు ఒక పాప స్కాన్ వచ్చింది. లింఫోమా అనే గ్రంథుల క్యాన్సర్‌కు చికిత్స అయిపోయింది. పూర్తిగా తగ్గిందన్న మాట కోసం తల్లితో వచ్చింది. ఈ స్కాన్‌కు ముందు చక్కెర లాంటి మందు ఎక్కిస్తారు. ఒంట్లో దాన్ని ఎక్కువగా వాడుకునే చోటు తెర మీద వెలుగుతుంది. జబ్బుంటే అదీ వెలుగుతుంది. పాప మెడా, రెండు భుజాలూ వెలిగిపోతున్నాయి. జబ్బు మొదలైంది కూడా మెడలోనే. చికిత్స చేసే డాక్టరుగారు మెడలోంచి ముక్క తీసి పరీక్షకు పంపుదామన్నారు. బయట తల్లి నా మొహంలో ఏదో వెతుకుతోంది. నేను తల దించుకుని కాగితాలు సర్దాను.

వదిన తెర ముందు నుంచి లేవలేదు. రెండువైపులా ఇంత ఒకేలా ఉందేమిటి, జబ్బుకు ఇంత పద్ధతి ఎక్కడిదని గొణుక్కుంది. వెలిగిన చోట గడ్డలు లేవు, కొవ్వే ఉందట. చలేస్తే పిల్లల మెడ దగ్గర కొవ్వు ఒంటికి వేడి పుట్టిస్తుందట, అప్పుడూ ఇలాగే వెలుగుతుందట. కానీ దాని చాటున జబ్బు నక్కి ఉండొచ్చు కూడా. తేలేదాకా రిపోర్టు మీద సంతకం పెట్టనంది. ఏదో ఒకటి చెప్పేయొచ్చుగా అని నాకు విసుగొచ్చింది.

వదిన వెళ్లి పాప పక్కన కూర్చుంది. మందు ఎక్కించాక ఏసీ కిందే ఉన్నావా అని అడిగింది. అవునంది పాప. ఒంటి మీద చేతుల్లేని గౌను. స్వెట్టరు తల్లి సంచిలో ఉంది.

"చలేసిందా అమ్మా?"

"ఊఁ."

"మరి చెప్పలేదేం?"

"కదలొద్దు, మాట్లాడొద్దు అన్నారుగా."

అది ప్రతి పిల్లకూ మేం చెప్పే మాటే. ఇన్నాళ్లూ సూదులు పొడిపించుకుని, బుద్ధిమంతురాలు అనిపించుకోవడం బాగా నేర్చుకుంది. నాకు ఏడుపొచ్చింది.

ముక్క తీయడం వాయిదా వేయించి, వారం తిరక్కుండా మళ్లీ స్కాన్ పెట్టించింది వదిన. ఏసీ ఆపించి, దుప్పట్లు కప్పించి, తనే కాపలా కూర్చుంది. ఈసారి మెడలోనూ భుజాల్లోనూ వెలుగు లేదు. ఒకటికి నాలుగుసార్లు చూసి తల్లి దగ్గరికి వెళ్లింది.

"జబ్బు లేదండీ. ఆ రోజు పాపకు చలేసింది, అంతే."

తల్లి సంచిలోంచి స్వెట్టరు తీసింది. బయట ఎండ మాడ్చేస్తున్నా పాపకు తొడిగి, మెడ దాకా గుండీలన్నీ పెట్టింది.

"అమ్మా, ఉక్కపోస్తోంది. తీసెయ్" అంది పాప, ఎవరూ అడగకుండానే.