దండ పడిన ఫోటోలు

కెనడా మీద నాకున్న ఫిర్యాదు ఒకటే. మనం ఇంకా పార్కింగ్ లాట్‌లోనే ఉంటాం, ముందు వెళ్లే మనిషి మన కోసం తలుపు పట్టుకుని నిలబడతాడు. మర్యాద ఆయనది, పరుగు మనది. ఆ చలికాలమంతా చంకలో కాన్వాసు పెట్టుకుని మంచులో అలా పరుగెత్తుతూనే ఉన్నాను.

అప్పట్లో మా కాలేజీలో కుర్చీల కన్నా విద్యార్థులు ఎక్కువ, విద్యార్థుల్లో మనవాళ్లు ఎక్కువ. అందరిదీ సప్లై చెయిన్, లేదంటే ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్. నాది ఇలస్ట్రేషన్ అంటే, "దానికి పీఆర్ వస్తుందా?" అని, అంటే ఇక్కడ శాశ్వత నివాసం దొరుకుతుందా అని అడిగి, పరామర్శకు వచ్చినట్టు ముఖం పెట్టేవారు.

చివరి టర్మ్‌లో ఒకటే ప్రాజెక్టు. అది టీచర్‌కు నచ్చి కాలేజీ గ్యాలరీ గోడకెక్కితే పాస్. లేకపోతే టర్మ్ మళ్లీ చదవాలి. నేను 1876 నాటి ధాత కరువును ఎంచుకున్నాను. సరదా విషయం కాదని తెలుసు. లైబ్రరీలో ఒక పాత ఫోటో కంటబడింది. ఎముకల గూళ్లలాంటి ఐదుగురిని ఎవరో దొర వరసగా కూర్చోబెట్టి తీసినది. వెలుతురు చక్కగా పడింది. కదలొద్దని చెప్పే ఉంటాడు, వాళ్లకేదో కదిలే ఓపిక ఉన్నట్టు. చివరన ఉన్న ముసలామె మాత్రం కెమెరాకేసి సూటిగా చూస్తోంది. ఆమె ముఖాన్నే పెద్దగా చిత్రించాను.

టీచర్ చాలాసేపు చూశారు. "గీత బాగుంది. కానీ ఈమె ఇంకా ఆ ఫోటో తీసినవాడి సొత్తుగానే ఉంది" అన్నారు. ఇక్కడ మొదటి వాక్యం ఉత్త మర్యాద. మార్కులు రెండోదానికి.

బొమ్మను తెచ్చి, రిచ్‌మండ్ హిల్‌లో నేను అద్దెకుండే బేస్‌మెంట్ గోడకు ఆనించాను. మర్నాడు క్లాసు నుంచి వచ్చేసరికి ఆమె నుదుట కుంకుమ, మెడలో ప్లాస్టిక్ చామంతుల దండ, ముందర ఊదొత్తి. పైన ఉండే ఓనరు ఆంటీ, అనంతపురం మనిషి, మెట్ల మీద నిలబడి ఉన్నారు.

"మీ అవ్వనా పాపా? ఎప్పుడు పోయింది? చెప్పనే ల్యాదే."

"మా అవ్వ కాదు ఆంటీ. ఎవరో తెలీదు. కరువులో పోయింది."

"ఎవురో ఒకరికి అవ్వే కదా. ఉండనీ."

ఆవిడ పైకి వెళ్లగానే దండ తీసేద్దామనే వెళ్లాను. కుంకుమ అప్పటికే తడి రంగులో కలిసిపోయింది. టీచర్‌కు ఇక ఏం చూపించాలని తిట్టుకుంటూ దండ మీద చెయ్యి వేసి, ముఖం చూసి ఆగిపోయాను. అది కరువు బొమ్మలా లేదు. ఎవరింటి పెద్దదిక్కో మనల్ని పలకరించబోతున్నట్టుంది.

మిగిలిన నలుగురినీ విడివిడిగా చిత్రించి ఫ్రేములు కట్టించాను. అందరికీ బొట్లు, దండలు. మన ఇళ్లలో పోయినవాళ్ల ఫోటోలు గుమ్మం పైన, ముందుకు వాల్చి కట్టినట్టే, ఐదింటినీ గ్యాలరీలో కట్టమన్నాను. మేకులు కొట్టే ఆయన కిందికి దిగి చూసి, "వాలిపోయాయి" అన్నాడు.

"వాలాలి" అన్నాను. ముందు సారీ చెప్పకుండా కెనడాలో నేను మాట్లాడిన మొదటి మాట అదే.

టీచర్ తలెత్తి చూశారు. ఐదుగురూ వంగి ఆవిడను చూశారు. "వీళ్లకిప్పుడు చుట్టాలున్నారు" అన్నారు. ఈసారి రెండో వాక్యం లేదు.

పాస్ సంగతి అటుంచి, గుమ్మానికి ఎదురుగా ఉన్న పెద్ద గోడ నాకే ఇచ్చి, బొమ్మలు అక్కడికి మార్పించారు. ప్రదర్శన ఆహ్వానపత్రం మీద కూడా నా ముసలామే. గెలుపును హుందాగానే స్వీకరించాను. ఫోన్‌లో చార్జింగ్ అయిపోయేదాకా ఆ గోడ ముందు ఫోటోలు దిగాను. పీఆర్ గురించి అడిగినవాళ్లు కూడా వచ్చి పక్కన నిలబడ్డారు.

ప్రారంభం రోజు ఆంటీ పట్టుచీర మీద చలికోటు వేసుకుని వచ్చారు. జనం గొంతు తగ్గించి మెచ్చుకుంటుంటే, ఆవిడ బూట్లు ఓ పక్కన విడిచి, ఆ ఐదుగురిలో ఒక్కొక్కరి ముందూ కాసేపు ఆగారు.

"ఎలా ఉన్నాయి ఆంటీ?" అని అడిగాను, మరో మెచ్చుకోలుకు సిద్ధమై.

"బొమ్మలు బాగుండాయి పాపా. ఆకలికి సచ్చిపోయినోళ్లకు దండలేసినావు. ముందర ఇంత సంగటి ముద్ద పెట్టాలని తోచల్యా?"