అమ్మ పంటి పురుగు

మొన్న పటమటలో పళ్ళ డాక్టరుగారు మా కూతురి కూతురి పంటి మీది పాచిని కాస్త గీకి, దాన్ని టీవీ తెర మీద పెద్దది చేసి చూపించారు. గుండ్రటివీ, పొడుగాటివీ, మెలికలు తిరిగేవీ సంతలో జనంలా కదులుతుంటే, నా కళ్ళు మాత్రం నూలుపోగులాంటి ఒక తెల్లటి పురుగు కోసం వెతికాయి. పిల్ల పంటి మీద సుద్దలాంటి మచ్చ కనిపించిన దగ్గర్నుంచి నాకు కంటి మీద కునుకు లేదు. నా ఈడువాళ్ళు నవ్వరన్న ధైర్యంతో ఆ దిగులు ఎందుకో చెబుతున్నాను.

ఉయ్యూరు పక్కన మా ఊళ్ళో పన్ను పుచ్చిందంటే లోపల పురుగు దూరిందనే లెక్క. వైద్యం మా మేనత్తది. అట్లకాడ ఎర్రగా కాల్చి, నూనె పట్టించిన వాకుడుకాయ గింజలు దాని మీద వేసి, ఆ పొగను బొప్పాయి ఆకు కాడ గొట్టంతో నోట్లోకి పట్టించి, నీళ్ళ గిన్నెలో ఉమ్మించేది. నీళ్ళ మీద తెల్లగా తేలేవి పురుగులు! కళ్ళారా చూసినవాళ్ళం, నమ్మక ఏం చేస్తాం? అమ్మకు ఎన్ని మాట్లు పొగ పెట్టినా, ఎన్ని పురుగులు రాలినా, నొప్పి మళ్ళీ వచ్చేది. ఒక్కొక్క పన్నే పోయి, నలభై నిండకుండానే నోరు బోసిదైంది. అత్త వైద్యానికి మాట రాకూడదనుకుందో ఏమో, నాయనమ్మ అందరి ముందూ తేల్చేసింది.

“అది పుట్టింటి పురుగు. తల్లి నుంచి కూతురికి దిగుద్ది.”

ఆ రోజు నుంచి అమ్మ కొంగు నోటికి అడ్డం లేకుండా మాట్లాడలేదు. ఆదివారం గుడిలో పాటలు కూడా కొంగు చాటునే పాడేది. తర్వాత నా దవడ పళ్ళు పోయాయి, నా కూతురికీ పుచ్చాయి, ఇక ఇప్పుడు ఈ పసిదాని వంతు వచ్చిందనుకున్నాను. సిగ్గు విడిచి డాక్టరమ్మనే అడిగాను, ఇది మా వంశంలో ఉన్న పురుగేనా అని.

“పురుగూ లేదు, వంశమూ లేదండీ. ఇవి అందరి నోట్లోనూ గుంపులుగా ఉండేవే. మాటిమాటికీ తీపి తగిలితే వీటిలో పులుపు చేసేవి బలుస్తాయి. ఆ పులుపే పన్నును తినేస్తుందండీ.”

మచ్చ ఇంకా పైపైనే ఉందట, మందు పూసి, చాక్లెట్లు మాన్పిస్తే పన్ను మళ్ళీ గట్టిపడుతుందట. అత్త పొగ సంగతి చెబితే, గిన్నెలో తేలినవేమో వేడికి గింజలు పగిలి, పొగతోపాటు గొట్టంలోంచి నోట్లోకి వచ్చిన మొలకలట. గుండెల మీంచి బండ దింపినట్టయింది, అక్కడే కుర్చీలో చేరగిలబడి హాయిగా నవ్వుకున్నాను.

తీరా ఇంటికి వస్తుంటే ఆటోలో, మాటిమాటికీ తీపి అన్న మాట మనసులో తిరిగింది. చెరకు ఆడే రోజుల్లో అమ్మ తెల్లవారకముందే బెల్లం పొయ్యి దగ్గర ఉండేది. మామూలుగానే ఇంటిల్లిపాదీ తిన్నాక తినే మనిషి, ఆ రోజుల్లో పొద్దు వాలేదాకా అన్నం ముఖం చూసేది కాదు. ఆకలికి ఓర్చుకోవడానికి ఒక బెల్లం ముక్క బుగ్గన పెట్టుకునేది, అది కరిగితే ఇంకొకటి. అలా ఎన్ని ఏళ్ళో! పుట్టింటి నుంచి ఆవిడ ఏ పురుగునూ తేలేదు. ఆవిడ పళ్ళను తిన్నది అత్తింటి బెల్లం.

ఇప్పుడు ఆ పొయ్యి లేదు, చెరకంతా లారీలెక్కి ఫ్యాక్టరీకి పోతోంది, పొగ పెట్టేవాళ్ళూ లేరు. పోయినవాటిలో కొన్ని పోవడమే మంచిదైంది. డాక్టరమ్మ మాట మా అమ్మ చెవిన పడి ఉంటే ఎంత బాగుండేదో. ఆటోలో నా పక్కన మనవరాలు ఎందుకో నోరంతా తెరిచి పకపకా నవ్వింది. మా అమ్మ పోలికంటారు దాన్ని. నిజమో కాదో నేను చెప్పలేను, అమ్మ నవ్వు నాకు కొంగు పైన కళ్ళలోనే తెలుసు.