తోకబరువు రాకెట్టు

కిట్టు డబ్బా మీద పన్నెండేళ్లు దాటినవాళ్లకు మాత్రమే అని అచ్చువేసి ఉంది. నాకు నలభైతొమ్మిది. దాటి చాలా కాలమైంది కదా అని కొనేశాను.

కొన్నది నా కోసమే. ఈ మాట ఎందుకు నొక్కి చెప్తున్నానంటే, కాటన్‌పేటలో మా దారాల అంగడికి వచ్చినవాళ్లంతా గల్లా పక్కన ఆ డబ్బా చూసి "ఎవరి పిల్లలకమ్మా?" అనే అడిగారు. పిల్లలకు కాదు నాకే అంటే ఒక నవ్వు నవ్వేవాళ్లు. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్లు మండేది. అంగడి నాదీ మా అన్నదీ. ఆయన తూకం చూస్తాడు, నేను సరుకు చూస్తాను. పెళ్లి చేసుకోలేదు. దానికి నాకు విచారం లేదు, అడిగేవాళ్లకే ఉంది.

మా అన్న మాత్రం నవ్వి ఊరుకునే రకం కాదు.

"ఏమ్మా, ఈ ఏడాది దీపావళి ముందే వచ్చేసిందా?"

"ఇది టపాకాయ కాదన్నా, రాకెట్టు."

"అదేలే. నిప్పు పెడితే పోతాది కదా, రెండూ ఒకటే."

రెండూ ఒకటి కావని ఆయనకు చెప్పీ చెప్పీ నా నోరు నొప్పి పుట్టింది. సన్నటి అట్టగొట్టం, ప్లాస్టిక్ ముక్కు, తోక దగ్గర మూడు చెక్క రెక్కలు, లోపల మడిచిపెట్టిన చిన్న పారాచూట్. కింద వేలెడంత మోటారు ఒకటి దూర్చాలి. అది ఫ్యాక్టరీలో మూసి పంపినది, మనం విప్పకూడదు. దూరం నుంచి బటన్ నొక్కితే అంటుకుంటుంది. పైకి పోయాక ఆ మోటారే ముక్కును తోసి పారాచూట్‌ను బయటికి పంపిస్తుంది. నాలుగు సాయంత్రాలు కూర్చుని అంటించాను. నా చేత్తో చేసిన వస్తువు ఆకాశంలోకి పోవడం మొదటిసారి చూసినప్పుడు గట్టిగా కేక పెట్టాను.

ఎగరేసేది దొడ్డబళ్ళాపురం దాటాక ఒక బీడులో. యలహంక వైపు ఎయిర్‌బేస్ ఉంది కాబట్టి అక్కడ పిచ్చుకను వదలాలన్నా భయమే. అందుకే నెలకొక ఆదివారం, కావలసిన చోట్లంతా చెప్పి, ఈ రాకెట్టు పిచ్చి ఉన్న ఒక ఇరవై మందిమి ఆ బీడుకు పోయేవాళ్లం. మా గుంపుకు పెద్ద ఒక రిటైరయిన మెషినిస్టు. అనంతపురం వైపు మనిషి, ముప్పై ఏళ్ల కిందటే యలహంకలో స్థిరపడ్డాడు. ఆయన చేత్తో పట్టి చూడనిదే ఏ రాకెట్టూ లేవదు. ఆయన్ను అందరం సార్ అంటాం. బీడు ఒక రైతు అక్కది. అరవై దాటిన మనిషి, నాలుగు ఆవులు, పొలం గట్టున రాగి గడ్డివామి. మా దగ్గర ఏమీ తీసుకోకుండానే రానిచ్చేది. మేం ఎగరేస్తుంటే వామి నీడలో కూర్చుని చూసేది, అంతే.

మూడు నెలలు నా రాకెట్టు బుద్ధిగా ఎగిరింది. కొబ్బరిచెట్టుకు నాలుగింతలు పోయి, ఇంక చాల్లే అన్నట్టు ఆగి, దిగి వచ్చేది. పక్కవాళ్లవి మాత్రం కంటికి కనపడకుండా పోయేవి. అందరూ మెడలు వెనక్కి వంచి, చేయి అడ్డం పెట్టుకుని, "యాడ, యాడ?" అని వెతుక్కునేవాళ్లు. నా రాకెట్టును ఎవరూ వెతుక్కోనక్కర్లేదు. నాకు అసూయ పుట్టింది. సిగ్గులేకుండా చెప్తున్నాను, కడుపులో మంట పుట్టింది. కొత్త కిట్టు కొనడానికి మనసొప్పలేదు. ఇదే రాకెట్టు, నేను కట్టిన ఈ రాకెట్టే పోవాలి. దీనికే పెద్ద మోటారు పెట్టాలి.

పెద్ద మోటారు బొటనవేలి కంటే లావు. పాత గొట్టంలో పట్టదు. మోటారు కూర్చునే లోపలి గొట్టం కోసి తీసేశాను. దాని బదులు ఏం పెట్టాలా అని రెండు రోజులు బజారంతా తిరిగి, చివరికి చూస్తే మా అంగట్లోనే ఉంది. జరీ దారం చుట్టి వచ్చే అట్టగొట్టం. మోటారు అందులో చక్కగా కూర్చుంది. నాకు పట్టరాని సంతోషమైంది. పారాచూట్‌ను గొట్టానికి కట్టే రబ్బరు తాడు తీసేసి మా అంగట్లోదే గట్టి నైలాన్ దారం జడలాగ అల్లి కట్టాను. రెక్కలు మెత్తటి చెక్కవి, పెద్ద మోటారు వేగానికి విరిగిపోతాయని సన్నటి ప్లైవుడ్‌తో కొత్తవి కోశాను. పై గొట్టానికి చీలికలు పెట్టి, రెక్కల మొదళ్లు లోపలి గొట్టాన్ని తాకేదాకా దూర్చి అంటించాను. ఇంతవరకూ అన్నీ సరిగానే చేశాను.

తప్పు ఎక్కడ చేశానంటే, మా అంగట్లో తూకమయ్యాక ఒక దారపుండ పైన వేయకుండా సరుకు కట్టరు. కొసరు వేయని చెయ్యి పిసినారి చెయ్యి అని చెప్పి మమ్మల్ని పెంచారు. నాకు ఏ పనికైనా కొసరు వేయకపోతే తృప్తి ఉండదు. రెక్కల మొదట్లో జిగురు రెండు పూతలు చాలంటే నాలుగు పూశాను. లోపలి గొట్టాన్ని పట్టుకునే అట్ట ఉంగరాలు రెండు చాలంటే మూడు పెట్టాను. రెక్కలకు పైన ఇంకో పొర కాగితం, దానిపైన ఇంకో పూత. పెద్ద మోటారు కదా, ఉండనీ అనుకున్నాను. వేసిన కొసరంతా తోక దగ్గరే పడింది.

ఆ ఆదివారం సార్ రాకెట్టును చేతిలో పట్టుకుని అడిగాడు.

"పెద్ద మోటారు లోపల పెట్టే చూసినావామ్మా, బరువు యాడ నిలుస్తాదో?"

చూడలేదు. మోటారు లేకుండా చూసి సరిపెట్టుకున్నాను. కానీ ఇరవై మంది ముందు అడిగేసరికి నాకు రోషం వచ్చింది.

"చూసినా సార్. తూకం వేసే ఇంట్లో పుట్టినదాన్ని, నాకే తూకం నేర్పిస్తావా?"

ఆయన నవ్వి, రాకెట్టు నా చేతికిచ్చేశాడు.

బటన్ నొక్కాను. రాకెట్టు తనను నిలబెట్టిన ఇనుప కడ్డీని వదిలి రెండు నిలువుల ఎత్తు లేచింది. ఆ తర్వాత దానికి ఎటు పోవాలో తెలియలేదు. తోక ముందుకొచ్చి, ముక్కు వెనక్కిపోయి, గిరగిరా తిరుగుతూ బుస్సుమంటూ బీడు మీదుగా అడ్డంగా దూసుకుపోయింది. అందరూ నేల మీద పడుకున్నారు. అది పోయి పోయి గడ్డివామిలో దూరింది. పారాచూట్‌ను తోయాల్సిన మందు అక్కడ, ఆ ఎండుగడ్డిలో, టప్‌మని పేలింది.

పొగ లేచింది. దేవుడా! ఆ అక్క మాకంటే ముందే పరుగెత్తింది, కుడితి తొట్టిలో బకెట్టు ముంచి విసిరింది. మేమంతా చేతికి దొరికినదాంతో నీళ్లు మోశాం. ఒక మోపు గడ్డి కాలింది, అంతే. కానీ ఆవులు తాళ్లు తెంపుకునేంతగా బెదిరిపోయాయి. ఆ అక్క బకెట్టు కింద పడేసి మా వైపు తిరిగింది.

"సుమ్మనే, ఊరికే రానిస్తాండానని ఇట్ల చేస్తారాప్పా? నా గొడ్లకు ఏమైనా అయింటే? ఇంక మీరెవురూ ఈడికి రావద్దండి."

నా పక్కనున్నవాళ్లెవరూ నా వైపు చూడలేదు, అది తిట్టినదానికంటే ఎక్కువ బాధేసింది. ఇంత వెడల్పు బీడు, చుట్టూ ఇళ్లు లేని బీడు, ఈ ఊరి చుట్టుపక్కల మళ్లీ దొరకదని అందరికీ తెలుసు. సార్ ఆమె దగ్గరికి పోయి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"అక్కా, తప్పు నాది. చూడాల్సింది నేను, చూడకుండా ఇడిసినా. ఒక్కసారి అవకాశమియ్యి. మళ్లా ఇట్లయితే నేనే అందర్నీ తోడుకోని వెళ్లిపోతా, ఇంక నీకు మొగం చూపియ్యను."

ఆమె పోయి ఆవుల తాళ్లు బిగించి వచ్చింది. చివరికి నా వైపు చెయ్యి చూపించింది.

"వచ్చే నెల ముందు ఈయమ్మదే పంపండి. అది నెట్టగా, నిలువునా పైకి పోతేనే తక్కినోళ్లవి. లేదంటే బండ్లెక్కి పోండి."

ఇంటికొచ్చి రెండు రోజులు రాకెట్టు ముఖం చూడలేదు. మా అన్నకు విషయమంతా చెప్పేశాను, అబద్ధంతో సహా. ఆయన ఎగతాళి చేస్తాడనుకున్నాను. చెయ్యలేదు. మూడో రోజు అంగట్లో బేరం లేని వేళ, మసిబారిన ఆ రాకెట్టును మోటారుతో సహా తీసుకుని, నడుముకు దారం కట్టి, తక్కెడ కొక్కేనికి వేలాడదీశాడు. తోక దబ్బున కిందికి పోయింది. దారాన్ని వెనక్కి జరిపాడు. మళ్లీ తోకే కిందికి. జరిపీ జరిపీ రెక్కల దగ్గరికి పోయింది దారం.

"ఏమే, తోకంతా కొసరేసినావు కదే!"

ఆ మాటతో నాకు కిట్టుతో వచ్చిన పుస్తకం గుర్తొచ్చింది. అందులో రాసింది నేను పదిసార్లు చదివాను. బరువు నిలిచే చోటు రెక్కలకు బాగా ముందుండాలి, లేకపోతే గాలి రాకెట్టును తిప్పేస్తుందని. చదివాను కానీ నా చెయ్యి చేసే పని నాకు కనపడలేదు. మా అన్నకు కనపడింది, ఎందుకంటే ఆయనకూ అదే చెయ్యి.

ఇక ఆ నెలంతా గీకుడే. రెక్కల మీద కాగితం ఊడబెరికాను. ఉప్పుకాగితంతో జిగురు రుద్దీ రుద్దీ వేళ్ల తోలు లేచిపోయింది. కొసరు తీసేయడం కొసరు వేయడమంత సులభం కాదు, ఒక్కో పూతకూ ప్రాణం ఉసూరుమనేది. మూడో ఉంగరం రాలేదు, దాన్ని వదిలేశాను. దానికి సరిపడా ముక్కు లోపల ఇనుప వాషర్లు పెట్టి జిగురు పోశాను. పెట్టడం, వేలాడదీయడం, ఇంకోటి పెట్టడం, మళ్లీ వేలాడదీయడం. గిరాకీలు వచ్చి నిలబడితే మా అన్న "స్వల్ప ఆగండి సార్, రాకెట్టు తూస్తాండాము" అనేవాడు. ఎంత గంభీరంగా అనేవాడంటే, ఒక్కరూ నవ్వలేదు.

దారానికి కట్టి తల చుట్టూ తిప్పి చూడాలని కూడా పుస్తకంలో ఉంది. ముక్కు ముందుకు పెట్టుకుని తిరిగితే మంచిది, తోక ముందుకొస్తే చెడ్డది. మిద్దె మీద బట్టల తీగలు విప్పి, నడుమ నిలబడి తిప్పాను. మా అన్న నీళ్ల ట్యాంకు వెనక కూర్చుని చూశాడు. మొదటిసారి తోక ముందుకొచ్చింది. ఇంకో రెండు వాషర్లు. రెండోసారి అడ్డంగా తూలింది. ఇంకొకటి. మూడోసారి ముక్కు గాలిలోకి దూసుకుంటూ, ఏమాత్రం వణక్కుండా చుట్టూ తిరిగింది. నేను ఆపకుండా తిప్పుతూనే ఉన్నాను.

"చాలమ్మా, చెయ్యి ఊడిపోతాది!" అని మా అన్న ట్యాంకు వెనక నుంచి అరిచాడు. కానీ ఆయన కూడా లేచి నిలబడ్డాడు.

ఆదివారం ఆయనా వెంట వచ్చాడు. గాలి మార్పు కోసం వస్తున్నానన్నాడు. బీడులో నీళ్ల బిందెలు వరసగా పెట్టాం, వామి మీద తడి గోనెలు కప్పాం, కడ్డీని వామికి చాలా దూరంగా పాతాం. ఆ అక్క ఈసారి కూర్చోలేదు, ఆవుల దగ్గర నిలబడింది. నేను రాకెట్టును పెద్ద మోటారుతో సహా దారానికి వేలాడదీసి సార్ ముందు పట్టుకున్నాను. అది ముక్కు వైపు వాలి నిలిచింది.

"సార్, పోయిన నెల ఇట్ల చూడలేదు. చూసినానని అబద్ధం చెప్పినా."

"తెలుసమ్మా," అన్నాడాయన నెమ్మదిగా. "తెలిసీ అందరిముందర నిన్ను గట్టిగా అడగలేకపోయినా. పో, పెట్టుకో."

బటన్ నా చేతిలో ఉంది. ఐదు నుంచి లెక్కపెట్టాను. నొక్కాను.

బుస్సుమన్న చప్పుడు వినపడేసరికే అది కడ్డీ మీద లేదు. నిలువుగా, గీత గీసినట్టు, పోయింది. కొబ్బరిచెట్ల ఎత్తు ఎప్పుడు దాటిందో తెలీలేదు. పోతూనే ఉంది. సన్నటి పొగ మాత్రం మిగిలింది, దాని చివర ఏమీ లేదు. వెనక నుంచి ఎవరో "యాడ? యాడప్పా?" అన్నారు. ఆ మాట నా చెవిలో తేనె పోసినట్టుంది. మెడలన్నీ వెనక్కి వంగాయి. అప్పుడు పక్కకు చూద్దును కదా, సార్ చూడలేక కడ్డీకి వీపు తిప్పి, కళ్లు మూసుకుని నిలబడి ఉన్నాడు.

"పొయ్యింది సార్! నెట్టగా పొయ్యింది! తిరిగి చూడు!" అని ఆయన భుజం పట్టి తిప్పేశాను. సరిగ్గా అప్పుడే, ఎంతో ఎత్తులో, ఎర్రటి చుక్క విచ్చుకుంది. మా అంగడి లైనింగు గుడ్డతో కుట్టిన పారాచూట్. మా అన్న ఈల వేశాడు. యాభైనాలుగేళ్ల మనిషి, ఆయనకు ఈల వచ్చని ఆ రోజే తెలిసింది నాకు.

అది గాలికి తేలుతూ పోయి ఆవుల అవతల దిగింది. నేను పరుగెత్తేలోపే ఆ అక్క దాన్ని తీసుకుని, మసి దులుపుతూ, రెక్కలు ఒక్కొక్కటీ తడుముతూ వచ్చింది. నా ఎదురుగా నిలబడింది కానీ చేతికియ్యలేదు.

"ఆ మోటారు ఇంకొకటి ఉండాదా?"

"ఉండాదక్కా."

"పెట్టు. ఈసారి నేను నొక్కుతా."

నేను సార్ వైపు చూశాను. ఆయన మోటారు తీసి నా చేతిలో పెట్టాడు. నేను ఐదు, నాలుగు అని లెక్కపెడుతుండగానే, మూడు అనకముందే ఆమె నొక్కేసింది. నవ్వుతూ ఏడుస్తూ మిగిలిన అంకెలు నేను గాలికే చెప్పాను. ఆమె కొంగు నెత్తిన సర్దుకుని, చేయి అడ్డం పెట్టుకుని పైకే చూస్తోంది. చూపు దించకుండానే సార్‌ను అడిగింది.

"వచ్చే నెల యా ఆదివారమో ఇప్పుడే చెప్పిపోప్పా. ఆవుల్ని ఆ పక్క కట్టేసుకుంటా."