కనబడే మూడు మలుపులు

ఆదివారం ఉదయం డ్యూటీ ముగించుకొని, వార్డులో నిలబడి నిలబడి మొద్దుబారిన పాదాలతో రాయదుర్గం మెట్రో మెట్లు దిగుతుంటే, కింద సిగ్నలు దగ్గర ఓ బస్సు కీచుమంటూ ఆగింది. కాలిన బ్రేకు వాసన గుప్పున ముక్కుకు తగిలింది. "పుప్పాలగూడనా మేడం? కూసోండ్రి" అన్న ఆటో అతనికి తల ఊపి వెనక సీట్లో కూలబడ్డాను. ఎండకు మెరిసే అద్దాల మేడలు కళ్లలో గుచ్చుకుంటుంటే రెప్పలు మూసుకున్నాను. ఆ బ్రేకు వాసన, మా చిన్నతనంలో ఘాటు రోడ్డు దిగే లారీలు మలుపు మలుపునా వదిలి వెళ్లిన వాసనే.

అమ్మ విశాఖ మన్యంలో, కొండ మీద చిన్న ఆసుపత్రిలో నర్సు. నాన్న కొండ కింద ఊళ్లో బడిపంతులు. ఇద్దరికీ ఒకచోట ఉద్యోగం దొరకలేదు. నేనూ, నాకంటే మూడేళ్లు చిన్నవాడైన తమ్ముడు డేవిడూ అమ్మ దగ్గర ఆసుపత్రి వెనకున్న రెండు గదుల క్వార్టర్లో ఉండేవాళ్లం. వానాకాలమంతా గోడలు చెమర్చి, ఆరని బట్టల వాసనా, పక్కింటి పెరట్లో కుళ్లిన పనసతొనల వాసనా కలిసి ఇల్లంతా పట్టుకునేవి. చలికాలం వస్తే వాలులన్నీ వలిసె పూలతో పచ్చగా పరుచుకునేవి. పొద్దెక్కేదాకా మంచు విడవక, ఎదురింటివాళ్ల గొంతు వినబడేది గాని మనిషి కనబడేవాడు కాదు.

మిగతా రోజులు ఎలా గడిచినా మా వారం శనివారం కోసమే ఉండేది. కొండెక్కే చివరి బస్సు మూడింటికే బయలుదేరుతుంది, నాన్న బడి వదిలేది నాలుగింటికి. అందుకని ఆయన సైకిలు మీద వచ్చేవారు. పద్నాలుగు మలుపులు. ఘాటు రోడ్డు కొసన, కొండ మీద ఓ నల్లని బండ ఉండేది. దాని మీద నిలబడితే కింద రోడ్డు మూడే మూడు చోట్ల కనబడేది, మిగతాదంతా చెట్లూ బండలూ మింగేసేవి. మొదటి చోట ఆయన చీమంత. రెండో చోట తెల్లచొక్కా తెలిసేది. మూడో చోట పెడల్ మీద నిలబడి, ఒక చెయ్యి వదిలి మాకేసి ఊపేవారు. ఒక చోటుకీ మరో చోటుకీ మధ్య మేం అంకెలు లెక్కపెట్టుకుంటూ, హ్యాండిలుకు వేలాడే సంచిలో తాటితాండ్ర ఉంటుందా, జీళ్లు ఉంటాయా అని పోట్లాడుకునేవాళ్లం. క్రిస్మస్ ముందు శనివారమైతే అందులో గులాబీ పువ్వులనే పిండివంట చేసే ఇనుప అచ్చు కూడా ఉండేది. అది మా నాయనమ్మది, ఏటా తెచ్చి, ఏటా తిరిగి పట్టుకెళ్లేవారు. ఇంటికొచ్చాక నాన్న వేణ్ణీళ్లలో పాదాలు పెట్టుకుని, మాటామంతీ లేకుండా చాలాసేపు కూర్చునేవారు. అది ఆయన అలవాటనుకునేవాళ్లం.

మా నాన్న ఘాటంతా ఎక్కడా దిగకుండా తొక్కుతారని తమ్ముడు బళ్లో అందరికీ చెప్పేవాడు. నమ్మనివాళ్లని శనివారం బండ దగ్గరకు లాక్కొచ్చి చూపించేవాడు. వాళ్లు కూడా నోరు మూసుకుని వెళ్లిపోయేవారు.

నాకు పదకొండేళ్లప్పుడు ఓ శనివారం పన్నునొప్పితో చెంప వాచిపోతే, అమ్మ సెలవు పెట్టి, తమ్ముణ్ణి పక్కింట్లో వదిలి, నన్ను కిందకు తీసుకెళ్లి పన్ను తీయించింది. నాన్నకు కబురు చెప్పే వీలు లేకపోయింది. మూడింటి బస్సులో తిరిగొస్తుంటే, రెండో చోటు దాటగానే, పైనుంచి కనబడని బండచాటున ఇంజను ఆగిపోయింది. అందరం దిగి పిట్టగోడ దగ్గర నిలబడ్డాం. రెండు గంటలు గడిచాక కిందనెవరో సైకిలు తోసుకుంటూ రావడం చూశాను.

నాన్న. వంగిపోయి, పది అడుగులకోసారి ఆగి, సీటు మీద నుదురు ఆన్చి ఊపిరి తీసుకుంటున్నారు. చొక్కా వీపుకు అంటుకుపోయింది. పైన నల్లబండ మీంచి కనబడే ఆ రెండో చోటుకు రాబోతూ ఆగారు. మొహం తుడుచుకున్నారు. చొక్కా సర్దుకుని సైకిలెక్కి, నిటారుగా కూర్చుని ఆ ముక్కంతా తొక్కారు. బండచాటుకు రాగానే దిగడం కాదు, దాదాపు పడిపోయారు.

నేను పిలవబోయాను. అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుని బస్సు వెనక్కి లాగేసింది.

బస్సుకు అవతల డ్రైవరు గొంతు వినబడింది. "మేస్టారూ, సైకిలు పైనెట్టీసి లోపల కూకోండి. అరగంటలో బాగైపోద్ది."

"ఒద్దు బాబూ," అన్నారు నాన్న, ఒక్కో మాటకూ ఊపిరి తీసుకుంటూ. "పైన పిల్లలు చూస్తుంటారు."

చక్రాల చప్పుడు దూరమయ్యేదాకా మేం కదల్లేదు. అమ్మ కొంగుతో కళ్లు అద్దుకుని, "తమ్ముడికి చెప్పకే," అంది. అంతే.

బస్సు బాగై కదిలేసరికి చీకటి పడింది. మేం ఇల్లు చేరేసరికి నాన్న వేణ్ణీళ్లలో పాదాలు పెట్టుకుని ఉన్నారు. మేం బస్సులో వెళ్లిన సంగతి పక్కింటివాళ్ల వల్ల అప్పటికే తెలిసిపోయింది. తలెత్తి అమ్మ వంక చూసి, వెంటనే దించేసుకున్నారు.

"మా ఇద్దరికీ నిద్రట్టీసింది," అంది అమ్మ, స్టవ్ వెలిగిస్తూ. "బస్సు ఎక్కడాగిందో కూడా తెలీదు."

నాన్న నన్ను దగ్గరకు పిలిచారు. నా వాచిన చెంప తడిమి, నొప్పి తగ్గిందా అని అడిగారు.

తర్వాతి శనివారం తమ్ముణ్ణి వేరే ఆటకు మళ్లించాలని చాలా ప్రయత్నించాను. బండ మీద మనిషి లేకపోతే ఆయన నడిచి రావచ్చు కదా అనిపించింది. వాడు ఏడ్చి గోల పెట్టాడు. నేనూ వెళ్లి నిలబడ్డాను. మూడో చోట ఆయన చెయ్యి ఊపినప్పుడు నేనూ ఊపాను గాని, ఆయన మొహంకేసి చూడలేకపోయాను. అమ్మకు కిందకు బదిలీ అయ్యేదాకా, ఇంకో రెండేళ్లు, అలాగే నడిచింది.

అమ్మానాన్నలిద్దరూ ఇప్పుడు లేరు. కిందటేడు అటు వెళ్తే ఆ రోడ్డు పోల్చుకోలేకపోయాను. వెడల్పు చేయడానికి బండలు పేల్చేశారు, మా నల్లబండా పోయింది. మలుపుల్లో గుండ్రటి అద్దాలు పెట్టారు. బస్సు గంటకొకటి ఉంది. ఆ దారిలో సైకిలు మీద వచ్చేవాళ్ల కోసం ఎదురుచూసే పిల్లలెవరూ కనబడలేదు.

ఆటో దిగి, పుప్పాలగూడలో తమ్ముడి ఫ్లాటుకు చేరేసరికి వాడి కూతురు హెల్మెట్ తియ్యకుండానే సోఫాలో వాలిపోయి ఉంది. పొద్దున గేర్ల సైకిలు మీద వెళ్లి, ఫ్లైఓవర్ ఎక్కలేక మధ్యలో దిగిపోయిందట. వాడు ఎప్పటిలాగే తాతయ్య ఘాటు కథ మొదలుపెట్టాడు.

"అత్తా, డాడీ చెప్పేది నిజమేనా?" అంది ఆ పిల్ల నావైపు తిరిగి. "పద్నాలుగు మలుపులు! తాతయ్య ఒక్కసారి కూడా దిగలేదా?"

తమ్ముడు నవ్వుతూ నా మొహంలోకి చూస్తున్నాడు. నలభై దాటిన వాడి కళ్లలో అప్పటి ధీమాయే ఉంది. నేను చెప్పులు విప్పి, నొప్పిపెడుతున్న కాళ్లు చాపుకుని కూర్చున్నాను.

"మేం చూస్తుండగా ఎప్పుడూ దిగలేదమ్మా," అన్నాను.