జీడి పెట్టిన నెత్తి

పక్కింట్లో ఎవరో నల్లజీడి కాలుస్తున్నారు. ఆ ఘాటు ముక్కుకు తగిలిందో లేదో, నా నెత్తి చురుక్కుమంది. పేనుకొరుకుడుకు జీడి రసం పెట్టుమని చెప్పేవాళ్లు ఇంకా ఉన్నారంటే నాకు ఒళ్లు మండుతుంది. ఆ మంట మీద నీళ్లు చల్లినట్టు సుగుణ సిస్టరమ్మ నవ్వు గుర్తొస్తుంది.

శ్రీరాంపూర్ బొగ్గుబాయిలో పనిచేసే రోజుల్లో పేనుకొరుకుడు పట్టి నా నెత్తి మీద రూపాయి బిళ్లంత మేర వెంట్రుకలు ఊడిపోయాయి. నాకు నేనే వైద్యుడినై జీడి రుద్దాను. తోలు కాలి బొబ్బలెక్కింది. దాని మీద రోజూ చెమట పట్టిన హెల్మెట్. బొబ్బలకు చీము పట్టింది, మెడలో గడ్డల్లా బిళ్లలు కట్టాయి. నలుగురూ నవ్వుతారని రుమాలు చుట్టుకొని తిరిగాను. జ్వరం పట్టి వణికితే గానీ దవాఖానకు పోలేదు.

అక్కడ నర్సు సుగుణమ్మ. "రుమాలు తియ్ తమ్మీ," అంది.

"వద్దు సిస్టరమ్మా, వాసనొస్తది."

"గీ వాసనలు నాకు కొత్తనా? తియ్. ఏం పెట్టినవ్?"

"జీడి."

"నెత్తి మీద పొయ్యి పెట్టుకున్నవా!" అని పకపకా నవ్వింది. నాకు రోషమొచ్చింది. "వెంట్రుకలు వస్తయా రావా, గది చెప్పు," అని గద్దించాను. ఆమె నవ్వు ఆపింది. "చీము రక్తంల కలిస్తే పాణం మీదికొస్తది. ముందుగాల తోలు దక్కించుకుందాం."

డాక్టరు మాత్రలు రాశాడు. వాపు తగ్గగానే మానేశాను. ఎట్లా తెలిసిందో, ఆమె మా క్వార్టర్‌కే వచ్చింది. "పురుగు సగమే సచ్చింది. మిగిలింది నీ నెత్తి మీద పండుగ చేసుకుంటది. మింగు!" మా ఇంటామె చెంబు పట్టుకొని ఆమె పక్షాన నిలబడింది. ఇద్దరు ఆడవాళ్ల ముందు గుటుక్కున మింగాను. తువ్వాల వేరే పెట్టుకొమ్మంది. హెల్మెట్ లోపలి పట్టీ రోజూ సబ్బుతో కడిగి ఆరేయమంది. బాయి మీది నల్లా దగ్గర కడుగుతుంటే నాతో పనిచేసే మల్లయ్య, "ఏందిరా, టోపీకి తానం పోస్తున్నవ్?" అని ఎగతాళి చేశాడు. కొన్నాళ్లకు నెత్తి గోక్కుంటూ వాడే వచ్చి నా పక్కన కూర్చున్నాడు. "జర ఆ సబ్బియ్యరాదురా!" ఆ తర్వాత నల్లా దగ్గర అందరూ వరుస కట్టారు.

పుండు మానింది. కాలినచోట మాత్రం వెంట్రుక మొలవలేదు. సిస్టరమ్మకు బదిలీ అయిన రోజు రుమాలు లేకుండానే పోయి దండం పెట్టాను. ఆమె నా తల వంచి, అటూ ఇటూ తిప్పి చూసింది. "అద్దం లెక్క మెరుస్తున్నది!" అంటూ అందులో చూసి బొట్టు సర్దుకుంది. దవాఖానంతా ఘొల్లుమంది. అందరికంటే గట్టిగా నేనే నవ్వాను.

అప్పటి నుంచి రుమాలు కట్టలేదు. ఎండకు గొడుగు పడతాను. ఎవరైనా నా నెత్తి వంక చూస్తే, బాగా కనబడాలని ఇంకాస్త వంగుతాను.