కాళ్ళ మీద తెల్లచుక్కలు

"పిల్లకి నీళ్ళు పొయ్యడానికి మనిషిని పెట్టేవా? డబ్బులిచ్చి? నువ్వు?" అంది మా అమ్మాయి, మంచం మీద లేచి కూర్చుంటూ.

"పెడితే ఏమైంది? ఊళ్ళో సగం మంది పిల్లలకి ఆవిడే నీళ్ళు పోసింది. ఆవిడ చెయ్యి మంచిది."

"అరిగిపోయిన సబ్బుముక్కని కొత్త సబ్బుకి అతికించి వాడే మనిషివి నువ్వు! అన్నయ్య పిల్లలిద్దరికీ నువ్వే పోసేవు కదా. నా పిల్ల దగ్గరికి వచ్చేసరికి ఏమొచ్చింది?"

"నడుం వంగడం లేదే."

"పొద్దున్న పెరట్లో కూర్చుని కొబ్బరీనెలు తీస్తున్నప్పుడు బాగానే వంగింది మరి!"

"బాలింతవి, అలా అరవకు. తలనొప్పి పట్టుకుంటుంది" అన్నాను.

"నల్లగా ఉందనే కదమ్మా?" అంది. ఈసారి అరవలేదు.

పిల్ల పుట్టిన రోజు ఆసుపత్రిలో నేను చెవులు తిప్పి చూసిన మాట నిజమే. పుట్టగానే పిల్లలందరూ ఎర్రగానే ఉంటారు. చెవుల చివర చూస్తేనే ముందుముందు ఏ రంగు వస్తుందో తెలుస్తుందని మా వైపు అందరూ చూస్తారు. చూసి, "నా రంగే వస్తుంది" అన్నాను. నేను నలుపే. అందులో నాకు తప్పేమీ కనపడలేదు. ఆ మాట అమ్మాయి మనసులో ముల్లులా గుచ్చుకుని ఉండిపోయిందని అప్పుడు తెలిసింది.

"ఆ రోజు చెవులు చూసేవు. ఆ తర్వాత ఒక్కసారైనా ఎత్తుకున్నావా? ఏడుస్తుంటే గుమ్మం దగ్గర నిలబడి, 'పాలియ్యి, పాలియ్యి' అంటావు. రేపే మా అత్తగారింటికి వెళ్ళిపోతాను. ఆవిడైనా ఎత్తుకుంటారు."

"వెళ్తే వెళ్ళు" అన్నాను. నా నోరు అలాంటిది.

అది నిజంగానే లేచింది. తీగ మీద ఆరేసిన పిల్ల గుడ్డలు ఒక్కొక్కటే లాగి సంచిలో కుక్కడం మొదలుపెట్టింది. నా పాత నేతచీర చింపి, మెత్తబడేదాకా ఉతికి చేసిన గుడ్డలవి. అవి సంచిలోకి వెళ్తుంటే చూడలేకపోయాను. పెరటి అరుగు మీద కూర్చుని చీర మోకాళ్ళ దాకా లాగి, "ఇందుకు. చూడు" అన్నాను.

మోకాళ్ళ కింద, ముందువైపు, రెండు కాళ్ళ మీదా తెల్లచుక్కలు. ఒక్కొక్కటీ బియ్యపు గింజంత, కొన్ని పెసరబద్దంత. నల్లటి కాళ్ళు కాబట్టి సున్నం చిలకరించినట్టు కనపడుతున్నాయి. పసిపిల్లకి నీళ్ళు పోసేటప్పుడు పీట మీద కూర్చుని కాళ్ళు చాపి, సరిగ్గా అక్కడే పడుకోబెట్టుకుంటాం. నూనె పట్టించేది అక్కడే, సున్నిపిండి రుద్దేది అక్కడే. పిల్ల ఒళ్ళంతా మన కాళ్ళకే అంటుకుని ఉంటుంది.

అమ్మాయి పురిటికి రాక ముందే అవి నా కంట పడ్డాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే ఆశా వర్కరు ఇంటింటికీ తిరుగుతూ, "ఒంటి మీద తెల్లమచ్చలు గానీ, స్పర్శ తెలియని మచ్చలు గానీ ఉన్నాయా అండీ?" అని అడిగింది. "ఏం లేవమ్మా" అని పంపేశాను. తర్వాత తలుపేసుకుని పిన్నీసుతో ఒక చుక్క మీద గుచ్చుకున్నాను. నొప్పి పుట్టిందో లేదో నాకే తేలలేదు. మళ్ళీ గుచ్చుకోవడానికి ధైర్యం చాలలేదు.

మా నాన్న వాళ్ళ పెద్దమ్మకి పెద్దరోగం, అదే కుష్టు, వచ్చింది. కొబ్బరితోట చివర కాలువ గట్టున పాక వేసి అందులో ఉంచారు. మా అమ్మ అన్నం పళ్ళెం నేల మీద పెట్టి, వెనక్కి జరిగి, "తినండి" అనేది. మా తమ్ముడు పుట్టినప్పుడు ఆవిడ, "దూరం నుంచే ఒక్కసారి చూపించండమ్మా" అని అడిగింది. మా అమ్మ తమ్ముణ్ణి తీసుకెళ్ళి కాలువకి ఇవతలే నిలబడి చూపించింది. ఆవిడ చేతులు రెండూ ఇలా ముందుకు చాపి, మళ్ళీ తనే వెనక్కి తీసుకుంది. నాకిన్నేళ్ళు వచ్చినా ఆ చేతులు మర్చిపోలేదు.

ఇదంతా చెప్తుంటే అమ్మాయి సంచి కింద పెట్టేసి నా ముందు కూర్చుంది. చెయ్యి చాపింది.

"ముట్టుకోకు! పిల్లకి పాలిచ్చే ఒళ్ళు నీది!"

వినలేదు. రెండు చేతులూ నా కాళ్ళ మీద వేసేసింది. "బయల్దేరు. అమలాపురం వెళ్దాం, డాక్టరుకి చూపిద్దాం" అంది.

"రేపు వెళ్దాం. ఆటోవాడు ఈ ఎండలో ఎక్కువ అడుగుతాడు."

"అమ్మా! లెగు!"

పిల్లని దుప్పటిలో చుట్టుకుని అది ఆటోలో వెనక కూర్చుంది. నేను ముందు డ్రైవరు పక్కన ఇరుక్కుని కూర్చున్నాను. "వెనక అంత చోటుంటే ఇక్కడెందుకండీ మామ్మగారూ, బ్రేకు వేస్తే పడిపోతారు" అన్నాడు అతను. "నీ రోడ్డు నువ్వు చూసుకో" అన్నాను. దారి పొడుగునా దేవుడికి చెప్పుకుంటూనే ఉన్నాను. ఇదివరకు నేనేమీ అడగలేదు, ఈ ఒక్కటీ అడుగుతున్నాను అని.

చర్మం డాక్టరు ఆడమనిషే, చిన్నది. భూతద్దంతో చుక్కలు దగ్గరగా చూసింది. "మామ్మగారూ, కళ్ళు మూసుకోండి. నేను ఎక్కడ తాకితే అక్కడ వేలు పెట్టి చూపించాలి" అంది. దూది కొస అనుకుంటాను, చీమ పాకినట్టు తగిలింది. వేలు పెట్టాను. మరోచోట తగిలింది. పెట్టాను. అలా ఎన్నిసార్లు చేసిందో.

"కళ్ళు తెరవండి. అన్నీ సరిగ్గానే చూపించేరు. ఎండలో పనిచేసేవారా?"

"ఆయ్. నాట్లండీ. చీర ఎగ్గట్టి, వాన్లోనూ ఎండలోనూ."

"అదే మరి. చర్మానికి రంగునిచ్చే కణాలు ఎండకీ వయసుకీ అక్కడక్కడా అలిసిపోతాయి. జుట్టు నెరిసినట్టే ఇదీనూ. కుష్టు కాదు, బొల్లి కాదు. ఎవరికీ అంటుకోదు."

"పిల్లకి?"

"పిల్లకి అసలే అంటుకోదు. ఇంకోమాట మామ్మగారూ. ఒకవేళ కుష్టే అయినా ఇప్పుడు మాత్రలు మింగితే నయమైపోతుంది, అవి సర్కారు ఉచితంగానే ఇస్తుంది. మందు మొదలుపెట్టేక ఇంకొకరికి రాదు కూడా. దాచుకుని కూర్చోవడమే తప్పు."

చీర కిందికి లాక్కున్నాను. తర్వాత అడిగాను: "మరి మందేం రాయరా అండీ? ఫీజు తీసుకున్నారు కదా, ఏదో ఒక ఆయింటుమెంటైనా..."

"దీనికి మందు అక్కర్లేదండీ. చర్మం పొడిబారకుండా కాస్త కొబ్బరినూనె రాసుకోండి. కోనసీమలో ఉండి కొబ్బరినూనె కూడా నేనే రాసివ్వాలా?"

మా అమ్మాయి నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతూ నవ్వుతూనే ఏడ్చేసింది. పిల్ల లేచి అదీ ఏడుపు అందుకుంది. నేను ఇద్దరినీ కసిరాను.

ఆటోలో ఈసారి నేనూ వెనక సీట్లోనే కూర్చున్నాను, అమ్మాయి పిల్లని నా ఒళ్ళో పడేసింది. దారిలో ఒకసారి, "చెవుల సంగతి మాత్రం నేను మర్చిపోను" అంది. "నీ చెవులూ అలాగే ఉండేవి. మీ నాయనమ్మ నన్ను ఇంతకంటే ఎక్కువే అంది" అన్నాను. ఇంటికి వచ్చేదాకా పిల్ల బరువుకి నా చెయ్యి తిమ్మిరెక్కినా మార్చుకోలేదు. ఇంటికొచ్చాక అమ్మాయి సంచిలోని గుడ్డలు తీసి మడతలు పెట్టింది.

మర్నాడు పొద్దున్న నేను మాట్లాడిన నీళ్ళు పోసే మనిషి వచ్చింది. అప్పటికే నేను పెరట్లో పీట వేసుకుని కాళ్ళు చాపుకుని కూర్చున్నాను.

"ఏంటండీ పిన్నిగారూ, నా పని ఊడగొట్టేరా?"

"ఊడగొట్టలేదు. నువ్వు బాలింతకి పొయ్యి. పిల్ల సంగతి నాది."

"మొన్న నడుం వంగడం లేదన్నారు?"

"తగ్గింది."

ఆవిడ నా కాళ్ళ వంక చూసింది. "ఇవా? మా అమ్మకీ ఉండేవండీ" అని నీళ్ళకాగు దగ్గరికి వెళ్ళిపోయింది.

పిల్లని కాళ్ళ మీద బోర్లా వేసుకుని వీపుకి నూనె పట్టించాను. మొదటి చెంబు పొయ్యగానే గుక్కపట్టి ఏడ్చింది. తలకి పోసేసరికి ఏడుపు ఆపింది. ఒళ్ళు తుడిచి, సాంబ్రాణి పట్టి, తల్లి పక్కలో పడుకోబెట్టాను. పాలు తాగుతూనే నిద్రపోయింది.